మల్లెగుట్ట మీద ఎర్ర చుక్క

పలంకరాయ, ఇండోనేషియా
ఫిబ్రవరి 20

సుచరితక్కకు,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తితే "గుట్ట మీదున్న, సిగ్నల్ లేదు" అంటవు, గంతల కట్ అయితది. అందుకే మెయిల్‌ల ఉత్తరం రాస్తున్న. గుట్ట దిగి బాన్సువాడకు వచ్చినంక, కాళ్లు కడుక్కొని చాయ్ తాగుకుంట చదువు.

నేనొచ్చి రెండు నెలలైంది. "చుట్టూ అడవే ఉంటది, నీకేం కొత్తనిపించదు" అని చెప్పి పంపిన్రు గదా. ఆఫీసు కిటికీల నుంచి చూస్తే ఒక టైర్ల దుకాణం కనపడ్తది. అడవి మొత్తం నా కంప్యూటర్‌లనే ఉంది. తొమ్మిది దేశాలు సంతకాలు చేసి పెట్టుకున్న కేంద్రం ఇది. ఒప్పందంల ఉన్న ఏ అడవిల మంట లేచినా శాటిలైట్ పట్టుకుంటది, మా తెర మీద ఎర్ర చుక్క పడ్తది. దేశానికి ఒక మనిషి. మన దేశం తరఫున నేను. మనయి పదహారు అడవి బీట్లున్నయి, అండ్ల నీ మల్లెగుట్ట బీటొకటి. చుక్క పడంగనే ఆ బీటు ఆఫీసర్‌కు కబురు చెయ్యాలె, అది ఏం మంటనో కనుక్కోవాలె, ఒక మాట రాసి చుక్కను మూయాలె. అడవి మంట, పొలం మంట, ఇటుక బట్టీ. గంతే. పొద్దటి నుంచి పొద్దూకే దాక చుక్కలు మూసుడే నౌకరి.

దూలపల్లి ఫారెస్ట్ ట్రైనింగుల మనిద్దరం పక్కపక్క మంచాల మీద పండుకొని కాళ్ల నొప్పులకు నూనె రాసుకున్నం, యాదికున్నదా? అడవిని కాపాడుడంటే నడుచుడు అనుకున్న అప్పుడు. ఇప్పుడు కాళ్లు మంచిగున్నయి, కండ్లే మండుతున్నయి.

ఒక్క మాట. మా తండా నీ బీటు కిందనే గదా. అటు పోయినప్పుడు మా బాను, యాడిని, అదే మా నాయినను, అమ్మను, జర చూసి రా. బాకు దగ్గొస్తుందని యాడి అన్నది. ఆయన నాకైతే చెప్పడు.

నీ చెల్లె
సంగీత


బాన్సువాడ
మార్చి 3

సంగీతా,

నీ ఉత్తరం మూడుసార్ల చదివిన. ఒకసారి బస్టాండు కాడ, ఒకసారి ఇంట్ల, ఒకసారి గుట్ట మీద ఫోన్‌ల దాచుకొని.

మీ నాయిన మంచిగున్నడు. మొన్న తండాకు పోతే మీ అమ్మ జొన్నరొట్టె పెట్టకుండ పంపలే. "నా బిడ్డ ఏ దేశంల ఉంది, అక్కడ ఏం తింటరు" అని అడిగింది. అన్నమే తింటరన్న. "అన్నం తినేటందుకు గంత దూరం పోవాల్నా" అన్నది.

ఇక్కడ ఎప్పటి తీరే. పదకొండు వందల హెక్టార్లు, నేనొక్కదాన్ని, నలుగురు ఫైర్ వాచర్లు. ఈ యేడు మాఘంలనే ఆకంత రాలింది. గుట్ట మీద నడుస్తుంటే అప్పడాలు తొక్కినట్టు చప్పుడు. మంట పాకకుండ మధ్యల ఆకు ఊడ్చి దారి తీస్తున్నం, తెల్లారి చూస్తే మల్ల ఆకు. మీ తొమ్మిది దేశాల బోర్డు మాత్రం వచ్చింది, గుట్ట కింద పాతినం. తొమ్మిది జెండాలున్నయి. మీ నాయిన దాన్ని చానాసేపు చూసి, "గింతమంది కాపలా ఉంటె నువ్వెందుకు బిడ్డా తిరుగుడు, ఇంట్ల పండుకో" అన్నడు. నవ్విన గానీ నిజంగనే పండుకోవాలనిపించింది.

ఇప్పపువ్వు రాలే రోజులొచ్చినయి. ఇగ నాకు నెల రోజులు నిద్ర లేదు.

సుచరిత


పలంకరాయ
మార్చి 19

అక్కా,

నిన్న పగటీలి రెండు గంటలకు మల్లెగుట్ట మీద రెండు చుక్కలు పడ్డయి. మూడున్నరకు అయిదైనయి. నీకు నాలుగు మెసేజ్‌లు పెట్టిన, ఒక్కటి చూడలే. మా యాడి ఫోన్ ఎత్తుతలేదు, బా ఫోన్ మొత్తమే బంద్.

అది ఏం మంట? రేపటి వరకు మాట రాయాలె. నీకేం కాలేదు గదా? అది ముందు చెప్పు.

సంగీత


బాన్సువాడ
మార్చి 20

సంగీతా,

నాకేం కాలే. ఫికర్ చెయ్యకు.

గుట్ట కింద చెరుకు కొట్టినంక రైతులు ఆకు కాల్చిన్రు. పొగ ఎక్కువ లేసింది. పొలం మంట అని రాసి మూసెయ్యి. నేను కూడ రిపోర్టుల అదే రాసిన.

మీ నాయిన ఫోన్ నీళ్లల్ల పడి ఖరాబైంది. కొన్ని దినాలు కలవకపోవచ్చు. మీ అమ్మ మంచిగున్నది.

సుచరిత


పలంకరాయ
ఏప్రిల్ 9

సుచరితక్కకు,

నువ్వు రాయమన్నది రాసి మూసిన. ఇరవై రోజులైంది. నిన్న కొత్త ఫొటో వచ్చింది.

చుక్కలైతే పడి పోతయి, కాలిన నేల పోదు. నెలకొకసారి ఇంకో శాటిలైట్ ఫొటో తీస్తది. మల్లెగుట్ట పడమటి దిక్కు, పై సగం నల్లగుంది. కింద తూము లెక్క సన్నగ మొదలై పైకి పోయేటాలకు చేట లెక్క వెడల్పైంది. నేను ఆ గుట్ట మీద మేకలు మేపిన. గక్కడ చెరుకు ఎవరేసిన్రు అక్కా?

నాకు కోపం వచ్చింది అంటే తక్కువే. మా పక్క టేబుల్ మీద ఆర్దీ అని ఉంటడు, ఇండోనేషియా ఆయన. ఈ ఊరోడే. ఆయన చిన్నగున్నప్పుడు ఈ చుట్టూ అడవే ఉండెనట. నేల కూడ కాలే నేల ఇది, కింద బొగ్గు లెక్క రాజుకుంటది. ప్రతి యేడు మంటలు, ప్రతి యేడు రిపోర్టుల "పొలం మంట, అదుపులో ఉంది". అట్ల రాసినోళ్లందరు మంచోళ్లే అంటడు ఆయన. ఊరోళ్ల మీద కేసు కావద్దని ఒకరు, పై సారుకు మాట రావద్దని ఒకరు. పదిహేనేండ్లు అందరు మంచిగనే రాసిన్రు. ఇప్పుడు నా కిటికీల టైర్ల దుకాణం ఉంది.

అందుకని నేను చుక్కను తెరిచి మాట మార్చిన. "అడవి మంట, కారణం తెలియదు." మాట మారితే తనిఖీ ఉంటది, ఒప్పందం అట్లనే రాసుకున్నరు. మే నెలల వేరే దేశాల వాళ్లు ఇద్దరొస్తరు, మీ రేంజర్ సార్‌కు కాయితం వస్తది. నిన్ను అడిగి మార్చాలనుకున్న. అడిగితే వద్దంటవని తెలుసు, వద్దంటే నేను మార్చలేనని కూడ తెలుసు.

నువ్వు నాకు అబద్ధం చెప్తవని మాత్రం ఎన్నడనుకోలే. ఎవరి కోసం రాసినవ్?

సంగీత


బాన్సువాడ
ఏప్రిల్ 11

సంగీతా,

ఎవరి కోసమని అడిగినవ్. మీ నాయిన కోసం.

చెప్పొద్దని మీ నాయిన ఒట్టు పెట్టిచ్చుకున్నడు. నువ్వు మాట మార్చినంక ఆ ఒట్టుకు ఇగ అర్థం లేదు. కుర్చీల కూసొని చదువు.

ఆనాడు పొద్దుగాల నేను తూర్పు దిక్కు ఉన్న. పగటీలి ఒంటిగంట దాటినంక పొగ కనపడ్డది. మీ నాయిన ఎప్పటి లెక్కనే ఇప్పచెట్టు కింద ఆకు కుప్ప చేసి అంటువెట్టిండు. నేల సాఫ్ అయితే పువ్వు ఏరుకునుడు అల్కగుంటదని. నీకు తెల్వదా? నువ్వు కూడ చిన్నప్పుడు ఏరినవ్ గదా అట్లనే. మంట ఆరే దాక చూద్దామని అక్కడనే కూసున్నడట. అంతల గాలి తిరిగింది. ఒక్క ఆకు లేసి బండ అవతల పడ్డది. గంతే.

నేను పోయేటాలకు ఆయన ఒక్కడే వేపకొమ్మ పట్టుకొని కొడ్తుండు. అరిచి ఊరందరిని పిలువచ్చు, ఉరికి పోవచ్చు. పోలే. నేను, వాచర్లు, తండా నుంచి ఉరికొచ్చిన ఆడోళ్లు, అందరం కలిసి కొట్టినం. అయిదు గంటలకు మంట రాతిగట్టు కాడ ఆగింది. తిరిగి చూస్తే మీ నాయిన నిలబడ్డడు, కానీ నడుస్తలేడు. చెప్పులు కాళ్లకు అతుక్కున్నయి.

దవాఖానల పదహారు దినాలున్నడు. నేనే తీసుకపోయిన. డాక్టరమ్మ అడిగితే "కట్టెల పొయ్యి కాడ కాలింది" అన్న. ఆమె కాళ్ల దిక్కు చూసింది, నా యూనిఫాం దిక్కు చూసింది, మల్ల ఏం అడగలే. ఫోన్ ఖరాబు కాలే. నీతోని మాట్లాడితే గొంతు తెలిసిపోతదని బంద్ పెట్టుకున్నడు. "నా బిడ్డ అడవి కాపాడనీకె దేశం దాటి పోయింది. దాని తండ్రి అడవి కాలవెట్టిండంటే దానికి అక్కడ ఇజ్జత్ ఉంటదా" అన్నడు. నా చెయ్యి పట్టుకొని అన్నడు.

అరవై రెండేండ్ల మనిషి. ఆ కాళ్లతోని కేసు కోసం కోర్టు మెట్లెక్కుడు నాకు కండ్ల ముందర కనపడ్డది. అందుకే రాసిన చెరుకు ఆకు అని. ఆర్దీ అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆయన గా పొద్దు నా జాగాల లేడు.

నీ మీద కోపం లేదు. అలసట ఉంది, గంతే. రాసుడు ఆపుతున్న, కండ్లు మూతలు పడ్తున్నయి.

సుచరిత


పలంకరాయ
ఏప్రిల్ 24

అక్కా,

నాలుగు ఉత్తరాలు రాసి చెరిపేసిన. ఇది అయిదోది.

రెండు దినాలు ఆఫీసుకు పోలే. జ్వరమని చెప్పిన. మూడో దినం పోయి తెర తెరిస్తే మల్లెగుట్టే కనపడ్డది. ఆ నల్ల చేట మొదలైన కాడ ఏ చెట్టుంటదో నాకు తెలుసు. ఆ చెట్టు కింద యాడి నన్ను చీరె మీద పండవెట్టి పువ్వు ఏరేది.

బాకు ఫోన్ చెయ్యాలని తీస్తున్న, పెడ్తున్న. ఏమని మాట్లాడాలె? ఆయన కాళ్లు కాలి మంచంల ఉంటే నేను ఇక్కడ కూసొని నీకు అడవి గురించి పాఠం చెప్పిన. ఆయన మీదికి తనిఖీ నేనే పంపిన.

మా పెద్ద మేడమును అడిగిన, మార్చిన మాట వెనక్కి తీసుకోవచ్చునా అని. కారణం చెప్పలే. ఒక్క దారి ఉందన్నది. ఫొటోల కనపడ్డది మంట కాదు, బండల నీడ, నేల చదును చేసిన మరక అని బీటు ఆఫీసర్ సంతకంతోని కాయితం వస్తే తనిఖీ ఆగుతది. ఆ కాయితం నేనే రాసిన. ఏ మాట రాస్తే ఇక్కడోళ్లు ఒప్పుకుంటరో నాకంటె ఎవరికి తెలుసు? దీంతోని పెట్టి పంపుతున్న. నువ్వు సంతకం పెడితే చాలు.

మొన్న నువ్వు అబద్ధం చెప్పినవన్నది నేనే. తెలుసు. నన్ను ఏమన్నా అను, సంతకం మాత్రం పెట్టు. లేకపోతే వద్దు. నాకు తెలుస్తలేదు అక్కా.

సంగీత


బాన్సువాడ
మే 22

సంగీతా,

నాలుగు దినాల కింద తనిఖీ అయిపోయింది. అంత చెప్త, మధ్యల ఫోన్ చెయ్యకు, చదువు.

ముందుగాల నీ కాయితం సంగతి. పెన్ను తీసిన మాట నిజం. అయితే ఆయన పేరు మీద జరిగే పని ఆయనకు తెల్వకుండ చెయ్యబుద్ధి కాలే. తండాకు పోయి మీ నాయినకు చదివి వినిపించిన. నెమ్మదిగ, అర్థం చెప్పుకుంట. మొత్తం విన్నడు.

"ఇది ఎవరు రాసిన్రు?" అన్నడు.

"నీ బిడ్డనే."

మీ అమ్మ కాళ్లకు మందు రాస్తుంటే కాలు వెనక్కి గుంజుకున్నడు. తర్వాత అన్నడు, "దానికి గిట్ల రాసుడు ఎవరు నేర్పిన్రు? నేను నేర్పలే." మల్ల ఆయనే అన్నడు, "నా వల్లనే నేర్చుకున్నట్టుంది." కాయితం నా చేతిలకెళ్లి తీసుకొని మడిచి, నాకే ఇచ్చిండు. నేను సంతకం పెట్టలే.

ఇగ తనిఖీ సంగతి. ఇద్దరొచ్చిన్రు. ఒకరు మీ ఆర్దీ. ఇంకొకామె నేపాల్ ఆమె, కోపిలా అని, యాభై ఏండ్లుంటయి, హిందీ మంచిగ వస్తది. మా రేంజర్ వెంకట్రాములు సార్ ఉన్నడు. గుట్ట ఎక్కి కాలిన జాగాల నిలబడ్డం. కోపిలా వంగి బూడిద తీసి వాసన చూసింది. "రిపోర్టుల చెరుకు ఆకు అని ఉంది" అన్నది నా దిక్కు చూసి. సార్ కూడ నా దిక్కు చూసిండు. నిజమే చెప్పుదామని నోరు తెరిచిన, మాట మీ నాయిన పేరు దాక వచ్చి ఆగిపోతుంది.

అప్పుడు కింద నుంచి కట్టె చప్పుడైంది. మీ నాయిన. తెల్ల రుమాలు చుట్టుకొని, కాళ్లకు గుడ్డలు కట్టుకొని, ఆగుకుంట ఆగుకుంట ఎక్కుతుండు. వద్దని ఎదురు పోయిన. నన్ను జరిపి ముందటికి పోయి హిందీల అన్నడు, "నేనే కాల్చిన అమ్మా. ఈ బిడ్డ నన్ను దాచింది. తప్పు నాది రాయి."

"ఎందుకు కాల్చినవ్?" అని ఆమె అడిగింది. కోపంగ కాదు.

"పువ్వు కోసం. మా తాత కాల్చిండు, మా అయ్య కాల్చిండు. అప్పుడు అడుగున ఆకు తడిగుండేది, మంట తనకు తానే ఆరేది. ఇప్పుడు హోలీ కాకముందే కాయితం లెక్క ఎండుతుంది. కాలం మారిందని తెలుసు. చెయ్యి మారలే."

కోపిలా బండ మీద కూసున్నది, ఆయనను కూడ కూసోవెట్టింది. వాళ్ల ఊర్ల కూడ పచ్చిగడ్డి మొలవాలని వాళ్లమ్మ కొండ కాల్చేదట. ఒక యేడు పక్క ఊరి దాక పోయిందట. "మా అమ్మ చచ్చేదాక అది తనే అని ఎవరికి చెప్పలే" అన్నది. మీ నాయిన ఆమె దిక్కు చూసి, "నీకు చెప్పింది గదా" అన్నడు. ఆమె తల ఊపింది.

ఆర్దీ ఏదో అడిగిండు, ఆమె హిందీల చెప్పింది: వీటిల్ల ఏ చెట్టు బతుకుతదో నీకు తెలుస్తదా అని. మీ నాయిన లేసి కత్తి తీసిండు. ఒక్కొక్క చెట్టు కాడికి పోయి బెరడు జర గీకి చూపిచ్చిండు. పచ్చగుంటె "ఇది బతుకుతది", లేకపోతె "ఇది పోయింది". ఆర్దీ వెనకనే నడుస్తూ ప్రతి చెట్టును ఫొటో తీసుకున్నడు. మూడు గంటలు. ఏ చెట్టు బతికిందో శాటిలైట్‌కు కనపడదట. మీ నాయిన కాళ్లల్లకెళ్లి రక్తం కారుతుందని నేను చెప్పే దాక ఎవరు చూడలే.

అయినా జరిగేది జరుగుతది. మీ నాయిన మీద కేసు రాసిన్రు. సార్ చిన్న సెక్షనే పెట్టిండు గానీ వాయిదాలకు పోవుడైతే తప్పది. తప్పుడు రిపోర్టుకు నాకు మెమో, జూన్ ఒకటి నుంచి జుక్కల్ దిక్కు బదిలీ. బీటు ఒప్పందంల ఉంటది, హెచ్చరికతోని. చెట్ల కింద పరిచేటందుకు వలలు ఇస్తే కాల్చే పని ఉండదని కోపిలా రాసుకున్నది. తొమ్మిది దేశాలు మీటింగుల ఒప్పుకోవాలె అన్నది. ఎప్పుడంటె నవ్వింది. మీ తండా ఆడోళ్లు ఆ నవ్వు సంగతి విని, వలల లెక్క పరిచేటందుకు పాత చీరెలు కలిపి కుట్టుడు మొదలువెట్టిన్రు.

నిజం చెప్తున్న, బదిలీ కాయితం చేతికొచ్చినంక మంచిగ నిద్ర పట్టింది. రెండు నెలల తర్వాత.

మీ నాయిన ఫోన్ ఇప్పుడు తెరిచే ఉంది. నీ ఫోన్ రాకపాయె. నన్ను అడుగుతుండు, "అది సిగ్గుపడుతుందా, కోపంల ఉందా" అని. నేనేం చెప్పాలె?

సుచరిత


పలంకరాయ
జూన్ 29

సుచరితక్కకు,

ఇక్కడ ఎండలు మొదలైనయి. ఆర్దీ కిటికీలు మూసి సందులకు టేపు అంటిస్తుండు, వచ్చే నెల నుంచి పొగ ఉంటదట. పని డిసెంబర్ దాక పొడిగిస్తం, ఉంటవా అన్నరు. ఉంటనన్న. ఇష్టమై కాదు. నా జాగాల వేరేటోళ్లు కూసుంటే మల్లెగుట్ట వాళ్లకు ఒక చుక్కే గదా.

తనిఖీ కాయితాలు నిన్న నా టేబుల్ మీదికొచ్చినయి. చుక్కను మూసే పని నాదే. ఫారంల రెండు గడులుంటయి. మంటకు కారణమెవరు అని ఒకటి, ఆర్పిందెవరు అని ఒకటి. మొదటి దాంట్ల బా పేరు, భిక్యా అని రాసిన. రెండో దాంట్ల భిక్యా, బీటు ఆఫీసర్ సుచరిత, ఫైర్ వాచర్లు, తండా ఆడవాళ్లు అని రాసిన. ఒకే పేరు రెండు గడుల్ల ఉండొద్దని కంప్యూటర్ ఎర్రగీత చూపెట్టింది. మేడమును పిలిచి చూపించిన. ఆయన మా నాయిన అని కూడ చెప్పిన. ఆమె చానాసేపు చదివి, గీత తీయించింది.

నిన్ను జుక్కల్‌కు పంపింది నేనే. నాకు తెలుసు. నువ్వు ఒక్కసారి కూడ అనలే, అందుకే ఎక్కువ తాకుతుంది. వచ్చినంక జుక్కల్‌కే వస్త, నీ ఇంట్లనే దిగుత.

పొద్దుగాల బాకు ఫోన్ చేసిన. ఒక్క రింగుకే ఎత్తిండు. హలో అనలే. నేను కూడ అనలే. ఆయన దగ్గు వినపడ్డది, యాడి ఎవరినో కోళ్లను తోలమనుడు వినపడ్డది.

ఎంతసేపటికో ఆయనే అన్నడు, "బేటీ, అక్కడ వాన పడ్డదా?"

"లేదు బా" అన్న.

"ఇక్కడ పడ్డది. రెండు దినాల నుంచి పడ్తనే ఉంది," అన్నడు. "గుట్టంత తడిసింది."

సంగీత